టోపీ మీది సింహం

తపాలా బిళ్ళలను, పాత నాణేలను సేకరించేవారు చాలామంది ఉన్నారు. యుద్ధకాలపు సైనిక చిహ్నాలను సేకరించేవారు అరుదు. టోపీకి, భుజానికి ధరించే ఈ లోహపు బిళ్ళలు, గుడ్డ పట్టీలు కేవలం అలంకారాలు కావు. ఒకే రంగు దుస్తులలో ఉన్న వేలాది మందిలో ఎవరు ఏ దళానికి చెందినవారో అవి తెలుపుతాయి. చిహ్నంపై కిరీటం ఉంటే సాధారణంగా అది బ్రిటిష్ కాలానిది. అశోకుని సింహాలుంటే స్వతంత్ర భారతానిది.

అటువంటి చిహ్నాలలో ఒకదానికి హైదరాబాదుతో గాఢమైన సంబంధం ఉంది. భారత సైన్యంలోని కుమావూన్ రెజిమెంటు చిహ్నంలో శిలువను పట్టుకొన్న సింహం కనిపిస్తుంది. ఆ రెజిమెంటు కేంద్రం హిమాలయ ప్రాంతంలోని రాణీఖేత్. అయినా ఆ సింహం కొండలలో పుట్టినది కాదు. నిజాం ఆస్థానంలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ 1813లో హైదరాబాదులో ఒక దళాన్ని నెలకొల్పాడు. ఆ సింహం అతని వంశచిహ్నం. హైదరాబాదు కంటింజెంటులో భాగమైన ఆ దళానికి వారసత్వంగా 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అది మలయా, బర్మా రంగాలలో పోరాడింది. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూన్‌గా మారింది. 1947 నవంబరు 3న బడ్గాంలో వీరమరణం పొంది, తొలి పరమవీర చక్రకు అర్హుడైన మేజర్ సోమనాథ్ శర్మ ఈ రెజిమెంటు వాడే.

ఈ కీర్తికి మరొక పార్శ్వం ఉంది. బ్రిటిష్ అధికారులు నడిపిన కంటింజెంటు ఖర్చును నిజాం ఖజానా భరించింది. బకాయిలు పేరుకుపోగా 1853లో నిజాం సారవంతమైన బేరారును బ్రిటిష్ వారికి అప్పగించవలసి వచ్చింది. దొంతన్‌పల్లి, చేవెళ్ల మొదలుకొని బేరారు వరకు విస్తరించిన ఆ రాజ్యంలో ఖజానాను నింపినది ప్రధానంగా రైతు చెల్లించిన శిస్తు.

చిహ్నం ఒక ఆంగ్ల కుటుంబానిది, పరాక్రమం సైనికులది, సొమ్ము దక్కను రైతులది. మొదటిది లోహంపై నిలిచింది. రెండవది పతకాలలో నిలిచింది. మూడవదానికి ఏ చిహ్నమూ లేదు. బిళ్ళ మీద కనిపించే సింహాన్నే కాక, కనిపించని కర్షకుణ్ణి కూడా గుర్తించగలిగినప్పుడే సేకరణ అనేది వేడుక స్థాయిని దాటి చరిత్ర అధ్యయనం అవుతుంది.