కావలిలో కాలేజీ చుట్టాలు

నెల్లూరు జిల్లా అనగానే మన ఆడవాళ్ళకు మొలగొలుకుల బియ్యమూ, మామిడికాయ వేసిన చేపల పులుసూ గుర్తుకొస్తాయి. ఆ జిల్లాలోనే, నెల్లూరికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ - చెన్నై రైలు మార్గం మీద కావలి ఉంది. ఈ ఊరికి పేరు తెచ్చింది మాత్రం చదువులే. 1951లో డాక్టర్ దొడ్ల రామచంద్రారెడ్డి గారు ఇక్కడ జవహర్ భారతి కాలేజీ పెట్టారు. గురజాడ అప్పారావు గారి మీద 'మహోదయం' రాసిన కె.వి.రమణారెడ్డి గారు అందులోనే పాఠాలు చెప్పారు. తర్వాత మరికొన్ని కాలేజీలు వచ్చాయి. మెట్ట గ్రామాల పిల్లలూ, సముద్రపు ఒడ్డు పిల్లలూ కలిసి చదువుకున్న ఊరిది.

కాలేజీ ఉద్యోగానికని వచ్చి, రిటైరయ్యాక సొంత ఊరికి వెళ్ళకుండా ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పెద్దమామయ్య, అత్తయ్య అలాంటివాళ్ళే. మామయ్య ఇక్కడి ఒక కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేసి 2008లో రిటైరయ్యారు. అప్పట్లో 58 ఏళ్ళకే పదవీ విరమణ. ఆ తర్వాత ప్రభుత్వం 2014లో 60కి, 2022లో 62కి పెంచింది.

మొదటి ఏడాది బాగానే గడిచిందట. వార్షికోత్సవానికి పిలుపు, సెప్టెంబరు 5న శాలువా, పూలదండ. రెండో ఏడాది పిలుపులు తగ్గాయి. మూడో ఏడాది, ఊరికే చూసొద్దామని వెళితే కొత్త వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి "ఎవరు కావాలి సార్?" అన్నాడట. 30 ఏళ్ళు నడిచిన దారి! ఆ పూట మామయ్య అన్నం తినలేదు. తర్వాత రెండు నెలలు గడప దాటలేదు. పేపరు, టీవీ, మళ్ళీ పేపరు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పనమ్మాయి చీపురు పట్టే తీరు దాకా అన్నిటికీ వంకలే. రిటైరైన మగవాళ్ళు ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు!

"చుట్టంగా పోతే చుట్టాన్ని చూసినట్టే చూస్తారు. ఏదైనా పని పెట్టుకుని పోండి" అందట అత్తయ్య.

అనడమే కాదు, ఆ పని కూడా ఆవిడే చూసింది. తుమ్మలపెంట నుంచి వాళ్ళింటికి చేపలు తెచ్చే ఆమె కూతురు అదే కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. లెక్కల పరీక్ష తప్పింది. చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తామని ఇంట్లో పట్టు. "సాయంత్రాలు మా ఇంటికి పంపించు, ఆ పెళ్ళి సంగతి పరీక్ష అయ్యాక చూద్దాం" అంది అత్తయ్య. మామయ్య విసుక్కుంటూనే మొదలుపెట్టారు. తీరా చూస్తే సిలబస్ మారిపోయింది. కొత్త పుస్తకాల కోసం కాలేజీ లైబ్రరీకి వెళ్ళక తప్పలేదు. ఈసారి వాచ్‌మన్ అడిగితే చెప్పడానికి జవాబుంది. లైబ్రరీలో కుర్ర లెక్చరర్లు పరిచయమయ్యారు. వెనకబడిన పిల్లలను వాళ్ళే ఇంటికి పంపించసాగారు. ఆ అమ్మాయి సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఇప్పుడు టీచరుగా చేస్తోంది.

ఇంకో మాట. కాలేజీతో అనుబంధం మగవాళ్ళ ఒక్కళ్ళదేనా? 1969లో ఎన్.ఎస్.ఎస్. మొదలైంది కదా, ఆ క్యాంపులకు పల్లెలకు వెళ్ళే పిల్లలకు అత్తయ్యలాంటి వాళ్ళే పొడులూ, పచ్చళ్ళూ కట్టిచ్చారు. హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్లలకు జావ కాచిపోశారు. పదవీ విరమణ రోజున శాలువా ఆయనకు కప్పుతారు, ఈవిడ కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. ఆయనతోపాటు ఈవిడకూ కాలేజీ దూరమైపోతుందని ఎవరికీ తట్టదు.

ఇప్పుడు రిటైరైన లెక్చరర్ల భార్యలు ఎనిమిదిమంది ప్రతి రెండో శనివారం ఒకరింట్లో కలుస్తారు. తలా 200 రూపాయలు వేస్తారు. పరీక్ష ఫీజు కట్టలేని ఆడపిల్లలకు ఆ డబ్బు. చేతికివ్వరు, కాలేజీ ఆఫీసులో కట్టి అమ్మాయి పేరు మీదే రసీదు తీసుకుంటారు. డబ్బు చాలకపోతే పాత విద్యార్థుల ఫోను గ్రూపులో అత్తయ్య ఒక్క ముక్క పెడుతుంది. హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో ఎవరో ఒకరు అందుకుంటారు. డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం చేసుకుంటారు కదా (పెన్షన్ దయతో ఇచ్చేది కాదని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982లో తీర్పు చెప్పిన రోజది), ఆ రోజు అందరి ముందూ ఏడాది లెక్క చదువుతారు.

నేను కార్తీక పౌర్ణమికి వెళ్ళినప్పుడు అందరం ఆటోల్లో తుమ్మలపెంట సముద్రానికి బయల్దేరాం. కావలికి తూర్పుగా సుమారు 10 కిలోమీటర్లు. దారిలో రొయ్యల గుంటలు, పడవలు మద్రాసు దాకా నడవడానికి 19వ శతాబ్దంలో తవ్వించిన బకింగ్‌హాం కాలువ, ఆ తర్వాత సరుగుడు తోటలు. స్నానాలు చేసి, దీపాలు వదిలి, ఇసుకలో దుప్పట్లు పరుచుకుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. వలలు బాగుచేసుకుంటున్న ఒక నడివయసు మనిషి లేచి వచ్చి "నమస్కారం సార్, 1996 బ్యాచి" అన్నాడు. మామయ్య ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అత్తయ్య మాత్రం ఒక్క చూపు చూసి, "క్యాంపులో సాంబారు మూడోసారి అడిగిన పిలకాయవి గదా నువ్వు!" అంది. అతని ముఖం చూడాలి! అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవాడు పక్కనే కూలబడి పులిహోర పెట్టించుకున్నాడు. వాళ్ళమ్మాయి ఈ ఏడు ఇంటరట. శనివారం పంపిస్తానన్నాడు.

మీరూ వెళ్ళాలనుకుంటే నెల్లూరు నుంచి కావలికి రైళ్ళూ, బస్సులూ ఉన్నాయి. అక్కణ్ణుంచి సముద్రానికి ఆటోలు. పొద్దున్నే వెళ్ళి ఎండెక్కకముందే తిరిగి రండి. మంచినీళ్ళు, పిల్లలకు పొడిబట్టలు మీరే తీసుకెళ్ళండి. కెరటాలు ఉధృతంగా ఉంటాయి, మోకాలి లోతు దాటొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలూ, తుపానులూ వచ్చే కాలం కనుక వాతావరణ హెచ్చరికలు చూసుకునే బయల్దేరండి.

కావలి దాకా రాలేకపోతే మీ ఊళ్ళోనే రిటైరైన మాస్టారు ఎవరైనా ఉంటారుగా! పిల్లవాడికి అర్థంకాని లెక్కల పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాళ్ళావిడకు రెండు మూరల పూలు తీసుకెళ్ళడం మర్చిపోకండి.