మా వంశవృక్షంలో నల్లని గళ్ళు

పదవీ విరమణ తరువాత నాకు మూడు వ్యసనాలు పట్టుకొన్నాయి: ఆత్మకథలు చదవడం, వంశచరిత్ర తవ్వడం, కంప్యూటరులో వెబ్ పేజీలు తయారుచేసి చెడగొట్టడం. మొదటిదే రెండవదానికి దారితీసింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ మరొకసారి చదువుతుండగా, మా అమ్మమ్మ ఏ వయసులో పోయిందో కూడా నాకు తెలియదని స్ఫురించి సిగ్గు కలిగింది.

మా తాతగారి చేతివ్రాత పుస్తకంలో ఏడు తరాల వంశవృక్షం ఉంది. దానిని హెచ్‌టీఎంఎల్‌లో వ్రాయడానికి కూర్చున్నాను. ఒకచోట ముగింపు ట్యాగు మరచినందుకు మా ముత్తాతగారు తన మనుమడికే కొడుకైపోయారు. దాన్ని సరిచేయడానికి ఒక పూట పట్టింది. ఆ చెట్టు నిండా మగవారే. ఆడపిల్లల దగ్గర కొమ్మ ఆగిపోతుంది. అందులోని వారందరూ నిండు నూరేళ్ళకు దగ్గరగా బ్రతికినవారే కనుక, మాది దీర్ఘాయుష్షు గల వంశమని మేమందరం నమ్ముతూ వచ్చాము.

అమ్మ వైపు వివరాలు సేకరించినప్పుడు పాత వృత్తి అలవాటు చొప్పున పేరు పక్కన మరణించిన వయసు కూడా అడిగాను. అమ్మమ్మ, 58 ఏళ్ళు, వంటింట్లో కూలిపోయింది. పెద్దమామయ్య 49, “నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు.” చిన్నమామయ్య 44, “పొలం గొడవల దిగులు.” అమ్మ 59. మా అన్నయ్య 46. కథలుగా విన్నంతకాలం ఇవన్నీ వేరు వేరు దుఃఖాలు. వైద్యులు గీసే పద్ధతిలో పురుషులకు చతురస్రం, స్త్రీలకు వృత్తం గీసి, వ్యాధి ఉన్నదనిపించినవారికి నల్లరంగు నింపగానే ఒకే కొమ్మ పొడవునా నలుపు దిగివచ్చింది.

దీనికి ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అని పేరు. చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్‌ను రక్తంలోనుండి తొలగించవలసిన కాలేయపు గ్రాహకాలు పుట్టుకతోనే లోపభూయిష్టంగా ఉంటాయి. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కొడుకా, కూతురా అన్న పక్షపాతం లేదు. దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది. బక్కపలచని మనిషికీ, నేతిబొట్టు ముట్టనివారికీ రావచ్చు. పెద్దవారిలో ఎల్‌డీఎల్ 190 మి.గ్రా. దాటితే అనుమానించాలి. కొందరికి మడమ వెనుక స్నాయువు మందమై గట్టి బుడిపెలు ఏర్పడతాయి.

ఆ బుడిపెలను నేను చూశాను. అన్నయ్య పోవడానికి రెండేళ్ళ ముందు మా ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొంటుండగా మడమల వెనుక కనబడ్డాయి. “చెప్పులు ఒరుసుకొని కాయలు కాచాయిలేరా” అన్నాడు. అప్పటికి నేను పదమూడేళ్ళ అనుభవం గల వైద్యుణ్ణి. రోజుకు నలభైమందిని “మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?” అని అడుగుతున్నవాణ్ణి. కాయలే కాబోలనుకొని తువ్వాలు అందించాను.

నా ఎల్‌డీఎల్ 112. నేను తప్పించుకొన్నాను. మా చెల్లెలికి మూడేళ్ళ క్రితం స్టెంటు వేశారు; దానికి కారణం షుగరేనని అందరం సరిపెట్టుకొన్నాము. ఆమెకు ఫోన్ చేసి అబ్బాయికి రక్తపరీక్ష చేయించమన్నాను. “పోయినవాళ్ళ లెక్కలు తీసి, ఉన్నవాళ్ళను భయపెడతావేం అన్నయ్యా?” అని ఫోన్ పెట్టేసింది. వారం మాట్లాడలేదు. ఆ తరువాత నేనేమీ అడగకుండానే రిపోర్టు ఫోటో పంపింది. మేనల్లుడికి 38 ఏళ్ళు, ఎల్‌డీఎల్ 236. రోజూ పరుగెత్తే మనిషి. ఇప్పుడు స్టాటిన్ మాత్ర వాడుతున్నాడు; జీవితాంతం మానరాదని చెప్పాను. “మామయ్యా, పెద్దమామయ్య మడమలు నాకూ గుర్తున్నాయి” అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అతనికి పదేళ్ళ కూతురు ఉంది. ఇటువంటి కుటుంబాలలో పిల్లలకు ఆ వయసుకే పరీక్ష చేయడం మంచిది. నిన్న రక్తం ఇచ్చి వచ్చిందట, ఏడవలేదట. నా పేజీలో ఆ పిల్ల పేరు కింద వృత్తం గీసి ఖాళీగా ఉంచాను. రిపోర్టు సోమవారం వస్తుంది.