ఇంటిలోని అప్రస్తుతప్రసంగి

అష్టావధానమున పృచ్ఛకు లెనమండుగురు. వారిలో అప్రస్తుతప్రసంగి యనువా డొకడు. అవధాని పద్యము కూర్చుచుండగా నడుమ నడుమ సంబంధములేని మాటలాడి ఆతని ధ్యాసను చెరచుటయే వాని పని. అవధాని ఏండ్ల తరబడి సాధన చేసినవాడు గనుక నవ్వుచు బదులు చెప్పి తన పద్యమును ముగించును. రెండేండ్ల పసివాని కట్టి సాధన యెక్కడిది? ఐనను నేడు మన యిండ్లలో టెలివిజను ప్రొద్దు పొడిచినది మొదలు మాటలాడుచునే యున్నది.

1975 ఆగస్టు మొదలు ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా మన రాష్ట్రముతో గూడ ఆరు రాష్ట్రములందలి 2400 పల్లెలకు ప్రసారములు జరిగినవి. నాడు పెట్టె ఊరిది. చూచి ఎవరిండ్లకు వారు పోయెడివారు. నేడది ఇంటిది, దానిని విడిచి పోవు చోటు లేదు.

"మా పిల్లవాడు దానివంక చూడడమ్మా, బొమ్మలతో ఆడుకొనుచుండును" అని తల్లులు మాతో ననుచుందురు. ఈ మాటయే విచారింపదగినది. అమెరికాలో 2008లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఒకటి మొదలు మూడేండ్ల వయసుగల యేబదిమంది పిల్లలను గంటసేపు ఆటవస్తువులతో విడిచి, అందులో అరగంట పెద్దల కార్యక్రమ మొకటి ప్రక్కన నడపిరి. పిల్లలు దానిని చూచినది స్వల్పమే. ఐనను ఆ అరగంటలో వారి యాటలు తునుకలైనవి. ఒక బొమ్మతో నిలకడగా ఆడు సమయము తగ్గినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2019లో, రెండేండ్లు నిండనివారికి తెర వలదనియు, నాలుగేండ్ల వరకు దినమున కొక గంట మించరాదనియు చెప్పినది.

పిల్లలకు స్వభావముచేతనే నిలకడ లేదనువారు శివరాత్రికి మా కోటప్పకొండకు వచ్చి చూడవలెను. చుట్టుప్రక్కల పల్లెల ప్రభలు దూరమున కానవచ్చినది మొదలు కొండక్రింద నిలుచువరకు ఎంతసేపు పట్టునో! మూడేండ్ల పిల్లయు తండ్రి భుజముపై కూర్చుండి ఆ నిడుపాటి ప్రభనే రెప్పవాల్చక చూచుచుండును.

మేము టెలివిజనునకు శత్రువులము గాము. పగలంతయు వంటయింట నొంటరిగా నుండు ఇల్లాలికి సాయంకాలపు సీరియలొక తోడు. దానిని మానుమను పురుషులు ఆ తోడేల కావలసివచ్చెనో అడుగరు. వార్తలు పెట్టి పడకకుర్చీలో నిద్రపోవుదురు. సోదరీమణులారా, కూర్చుండి చూచునప్పుడు చూతము, లేచునప్పుడు ఆపుదము. మగవారికిని ఇదే విన్నపము.

మొన్న పొరుగింట కరెంటు పోయినది. ఆ యింటి చిన్నది అరుగుపై చింతగింజలను వరుసగా పేర్చి ముప్పదియేడు వరకు లెక్కించి, తప్పిపోగా మరల ఒకటినుండి మొదలిడినది.