సద్ది సంచి

పోయిన దసరాకు భీమ్‌గల్ నుంచి అమ్మను నిజామాబాద్‌లో సినిమాకు తీసుకెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి అమ్మ సంచి విప్పించింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి. "బయటి తిండి లోపలికి తేవద్దమ్మా" అని పక్కన పెట్టించింది. అమ్మకు షుగర్, వేళకు తినకపోతే వణుకొస్తుందని చెప్పాను. ఆ పిల్ల తల దించుకుంది. రూలు ఆమె పెట్టింది కాదు.

ఇంటర్వెల్‌లో అనుకున్నంతా అయింది. కూల్‌డ్రింకు తాగించి, పాప్‌కార్న్ కొన్నాను. "గివి మక్కపేలాలే గద బిడ్డా, ఎంత?" అంది. చెప్పాను. దాదాపు వెయ్యి బీడీల కూలి. వెయ్యి చుట్టాలంటే అమ్మకు పొద్దంతా పడుతుంది, నడుమ వంట కూడా ఆమెదే. ఆ రొట్టెల కోసం నాలుగింటికే లేచింది.

బయటి తిండి మీద నిషేధం ఎత్తేయమని 2018లో జమ్మూకశ్మీర్ హైకోర్టు చెప్పింది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. హాలు ప్రైవేటు ఆస్తి, షరతులు యజమానివేనట. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లలకు తల్లిదండ్రులు తిండి తెచ్చుకోవచ్చు. బిడ్డ ఆకలికి చోటు దొరికింది. బిడ్డల్ని పెంచి రోగిష్టిదైన మనిషి ఆకలికి చోటు దొరకలేదు.

లింబాద్రి గుట్ట జాతరలో సద్ది విప్పితే పక్కవాళ్లకు పెట్టందే ముద్ద ముట్టదు అమ్మ. బయటికొచ్చి సంచి తీసుకుని, ఓ రొట్టె ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వన్న తిన్నవా బిడ్డా?"