క్లిక్కుకూ ఒక లెక్క

మదరసాలో మేము వారసత్వపు వాటాల లెక్కలు బోధిస్తాము. మా పూర్వ విద్యార్థి ఒకడు ఆన్‌లైన్‌లో అత్తరు అమ్ముతున్నాడు. తల్లి గాజులు అమ్మిన సొమ్మును ప్రకటనలకు పెట్టాడు. ప్రకటన చూపినందుకు రుసుము లేదు, ఎవరైనా క్లిక్ చేస్తేనే చెల్లించాలి. "హజ్రత్, అమ్మకాలు పెరిగాయి, పైసా మిగలడం లేదు" అని వాపోయాడు.

కాగితం తెమ్మన్నాము. క్లిక్కుకు 5 రూపాయలు. నూరుమంది క్లిక్ చేస్తే కొనేది ఇద్దరు. అంటే ఒక్కో కొనుగోలుకు ప్రకటన ఖర్చే 250. సరుకు, రవాణా పోగా సీసాపై మిగిలేది 200. అమ్మిన ప్రతి సీసాకు 50 నష్టం! క్లిక్కు ధర 4 రూపాయలు దాటితే అతనికి గిట్టదు. ఇతరుల సరుకు అమ్మించి 40 రూపాయల కమీషను పొందేవారికైతే ఆ హద్దు 80 పైసలే.

ఏ మాటలు వెదికి వస్తున్నారో చూశాము. 'ఉచితం', 'అత్తరు తయారీ' వంటివే అధికం. ఆ మాటలకు ప్రకటన కనబడకుండా మినహాయింపజేశాము. ధరను ప్రకటనలోనే వేయించాము.

"నేడే ఆఖరు" అని రాయనా అన్నాడు. ఆఖరు కానప్పుడు అది అబద్ధమే అని వారించాము. గూగుల్ వేలంలోనూ ఎక్కువ పాడినవానికే పైస్థానం దక్కదు. వెదికిన మాటకు ప్రకటన, పేజీ ఎంత సరిపోతాయో కూడా చూస్తారు.

మరుసటి నెల నూరుకు నలుగురు కొన్నారు. ఖర్చు 125కు దిగింది, సీసాకు 75 మిగిలింది. గాజులు ఇంకా తిరిగి రాలేదు. కానీ ఇషా నమాజు తర్వాత అతడు రోజూ లెక్క రాసుకుంటున్నాడు.