గోడ మీద బొమ్మ

సౌదీలో పాత సినిమాహాలు కథేమిటి, 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో ‘బ్లాక్ పాంథర్’ ఆడేదాకా ఇక్కడ హాళ్ళెక్కడివి అని మీరనవచ్చు. హాళ్ళు కాకపోయినా, జిద్దాలో 1960, 70లలో ‘హోష్’ సినిమాలుండేవండీ. హోష్ అంటే ప్రహరీగోడ ఉన్న ఖాళీ ఆవరణ. ఒక గోడకు సున్నం కొడితే అదే తెర. అద్దె ప్రొజెక్టరు, కుర్చీలు, పైన ఆకాశం. చీకటి పడితేనే ఆట. మన నాన్నగార్ల తరం నేల టిక్కెట్టుతో చూసిన టూరింగు టాకీసుకు ఇది పినతల్లి బిడ్డ. కాకపోతే దీనికి డేరా కూడా లేదు! బాబ్ షరీఫ్‌లో ఒకటి, హిందావియా పేటలో అబూ సఫియా అనేది ఒకటి బాగా పేరున్నవి.

మాకిదంతా తెలిసింది షుగరు పరీక్షకు వచ్చే ఒక పెద్దాయన వల్ల. మేము ఇండియా డాక్టర్లమని తెలియగానే, “మీ సినిమాలు చూసే నేను ఏడవడం నేర్చుకున్నాను” అన్నారు. ఈజిప్టు సినిమాలకు నవ్వేవారట, హిందీ సినిమాలకు ఏడ్చేవారట. మాట తెలియకపోయినా తల్లి బాధ తెలియదా అని మమ్మల్నే అడిగారు. ఆడవాళ్ళు హోష్‌కు రారు గనుక, ఎప్పుడైనా ప్రొజెక్టరు ఇంటికే అద్దెకు తెచ్చి వాళ్ళమ్మగారికి చూపించేవారట.

1979 నవంబరు 20న మక్కా పెద్ద మసీదును సాయుధులు ఆక్రమించారు. ఆ తర్వాత దేశమంతటా కట్టుబాట్లు బిగిశాయి. 1980ల మొదట్లోకల్లా ఈ ఆటలు ఆగిపోయాయి. అటుపైన వీడియో కాసెట్లు. 1986లో వంతెన వచ్చాక బహ్రెయిన్ ప్రయాణాలు. మనవాళ్ళలో పాతకాపులకు ఇది వేరే చెప్పాలా!

ఇక 2021 అక్టోబరులో మొదలైన కూల్చివేతల్లో హిందావియా కూడా పోయింది. మేము ఒక శుక్రవారం పిల్లలతో వెళ్ళి చూశాం. చదును చేసిన నేల, ఎండ. కూలిన హాలుకైతే మెట్లో, పాత బోర్డో మిగులుతుంది. గోడ మీద సున్నానికి ఏం మిగులుతుంది? మా పిల్లలు కారు దిగనేలేదు.

పెద్దాయన కూడా ఇప్పుడు ఊరి చివర కొడుకింట్లో ఉంటున్నారు. మూడు నెలలకొకసారి వస్తారు, చూపు మందగిస్తున్నది. పోయినసారి మేము చూసి వచ్చిన సంగతి చెప్పగానే, చీటీ వెనక్కి తిప్పి కలం అడిగారు. వీధి ఇటు, ద్వారం ఇటు, తెర ఇటు అని వణికే చేత్తో గీయసాగారు. బయట ఇంకా పదకొండుమంది ఉన్నారని నర్సు వచ్చి చెప్పింది. ఆయన్ని గీయనిచ్చాం.