ఏ ఫిరంగి పెంకు ఇది?

బెల్జియంలో జొన్నెబేకె ఊరు దాటాక, పొలం గట్టున కరెంటు స్తంభం మొదట్లో తుప్పు పట్టిన ఫిరంగి గుండు ఒకటి కనిపించింది. మూరెడు పొడవుంటుంది. కారు ఆపమన్నాను. “దిగకు మామయ్యా, అది ఇంకా పేలలేదు” అన్నాడు మా మేనల్లుడు. గెంట్‌లో చదువుకుంటున్న వాడికి ఈ దారులు అలవాటే. దున్నుతుంటే బయటపడిన గుండును రైతు ఇలా గట్టున పెట్టి పోలీసులకు చెబుతాడు. సైన్యంలోని బాంబు దళం వచ్చి పట్టుకుపోతుంది. ఈపర్ పట్టణం చుట్టుపక్కల దీన్ని ఇనుప పంట అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి వందేళ్లు దాటినా ఏటా వంద టన్నులకు పైగా దిగుబడి! 2014 మార్చిలో ఈపర్‌లో ఇలాంటి గుండు ఒకటి పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు.

మేం చూడబోయింది మాత్రం యుద్ధంలోనే పేలిపోయిన వాటి ముక్కల్ని, వాటిని ఏరి పోగుచేసే ఒక పెద్దాయన ఇంట్లో.

ఆ పెద్దాయన ఒకప్పుడు లేత్ మీద పనిచేసేవాడు. మెటల్ డిటెక్టర్ పట్టడానికి ఇక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఆయనకు ఉంది. దున్నిన మట్టి లోతు దాటి తవ్వకూడదని, పెద్ద శబ్దం వస్తే అక్కడితో ఆగిపోవాలని నియమం పెట్టుకున్నాడు. ఇంటి వెనక షెడ్డులో పొడవాటి బల్ల, దాని మీద వెర్నియర్, తూకం, బ్రష్షులు, కవర్లు. గోడకు పొలాల మ్యాపు.

అరచేతిలో పట్టేంత తునక ఒకటి నా చేతికిచ్చాడు. ఊహించినదానికంటే బరువుగా ఉంది. అంచులు చినిగిన రేకులా గరుకుగా ఉన్నాయి. ఒక వైపు మాత్రం నునుపైన వంపు. “ఆ వంపే అసలు సంగతి చెబుతుంది” అన్నాడు.

మా ఊరికి వచ్చే గాజులమ్మ విరిగిన గాజు ముక్క చూసి, చేతికి ఏ సైజు పడుతుందో చెప్పేది. ఆయన చేసిందీ అదే, కాకపోతే లెక్కతో. తునక అంచు నుంచి అంచుకు 40 మిల్లీమీటర్లు. మధ్యలో వంపు ఎత్తు 5. నలభైని నలభైతో గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపాడు. 42.5 వచ్చింది. అది వ్యాసార్ధం. రెట్టిస్తే గుండు 85 మిల్లీమీటర్ల లావు. బ్రిటిష్ వారి 18 పౌండ్ల ఫిరంగి గొట్టం 84. సరిపోయిందని నేను సంబరపడ్డాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. జర్మన్ 77 మిల్లీమీటర్ల గుండైతే అదే 40కి వంపు ఎత్తు 5.6 ఉండాలి. తేడా అర మిల్లీమీటరు పైచిలుకు. వందేళ్ల తుప్పుకు అది ఒక లెక్కా? పైగా గుండు ముక్కువైపు సన్నబడే చోటి ముక్కయితే లెక్క మొత్తం తారుమారవుతుంది.

అందుకే ఆయన రాగి పట్టీ కోసం వెతుకుతాడు. గుండు అడుగున బిగించే ఈ పట్టీ గొట్టం కంటే కాస్త లావు. మెత్తటి లోహం కావడంతో గొట్టం లోపలి మరగాడుల్లోకి ఒదిగి, గుండును గిరగిరా తిప్పుతుంది. ఆ గాడుల ముద్ర పట్టీ మీద శాశ్వతంగా పడుతుంది. చిలుము పట్టిన చిన్న ముక్క చూపించాడు. గాట్లు నిన్న పడ్డంత స్పష్టంగా ఉన్నాయి! వాటి వెడల్పు, వాలు కొలిస్తే ఏ ఫిరంగిదో తేలుతుంది. గుండును పేల్చే ఫ్యూజు ముక్క దొరికితే కాలం కూడా కొంత తెలుస్తుంది. యుద్ధం సాగేకొద్దీ జర్మనీకి రాగి కరువైంది, ఫ్యూజుల్లో ఇత్తడి పోయి ఇనుము, జింకు వచ్చాయి.

ఒక డబ్బా నిండా బఠాణీల్లాంటి సీసపు గోళీలు. 18 పౌండ్ల ష్రాప్నెల్ గుండులో ఇవి సుమారు 375. ఆకాశంలో ఫ్యూజు పేలగానే గుండు ముందు నుంచి ఇవి వాన కురిసినట్టు కురుస్తాయి, పెంకు మాత్రం గొట్టంలా చెక్కుచెదరకుండా పడుతుంది. హెన్రీ ష్రాప్నెల్ అనే బ్రిటిష్ అధికారి పేరు మీద వచ్చిన మాట అది. మన పత్రికలు ఏ పెంకు ముక్కనైనా ష్రాప్నెల్ అనేస్తాయి. ఆ గోళీల పక్కన ఈ తునకను పెట్టి చూశాక నేనిక ఆ మాట అలా వాడలేను.

ఇంకో కవరు మీద వీల్టె అని రాసి ఉంది. 1915 ఏప్రిల్ 26న భారత సైన్యపు లాహోర్ డివిజన్ సైనికులు గుండ్ల మధ్య, విషవాయువులో ముందుకు నడిచిన నేల అది. జమాదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది ఆనాటి ధైర్యానికే. అందులోని తునక ఆ రోజుదేనా అని ఆశగా అడిగాను. నాలుగేళ్ల పాటు గుండ్లు పడిన పొలం, ఏ రోజుదని చెప్పను అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్ మ్యూజియంలో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గుండు తునక చూశాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి పేల్చినదని ఏ తడబాటూ లేకుండా చెప్పవచ్చు, ఆ ఊరిని అది కొట్టింది ఆ ఒక్క రాత్రే కాబట్టి. ఇక్కడ ఏ పొలంలో, ఎంత లోతులో దొరికిందో రాసుకోకపోతే తునక వట్టి పాత ఇనుమే. అలా ఊరూ పేరూ లేని ముక్కల్ని జ్ఞాపికలుగా అమ్మడం, కొనడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

“మరి ఇందాకటిది ఎవరిదని రాస్తారు?” మేనల్లుడు డచ్చిలో అడిగి నాకు చెప్పాడు. ఆయన కవరు మీద 77, 84 రెండూ రాసి ప్రశ్నార్థకం పెట్టాడు. కింద తూకం, లోతు, తేదీ. గోడ మీది మ్యాపులో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాడు. అదే మడిలో వచ్చే ఏడాది పట్టీ ముక్క దొరకవచ్చు. కవరు మూసి, మట్టి కట్టిన ఇంకో తునకను తీసుకుని బ్రష్షుతో తోమడం మొదలుపెట్టాడు.